అతుకు కనిపించే రంగులు

పోస్టుకార్డంత అట్ట. 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. దాని మీద రంగు కాగితం ముక్కలు అతికిస్తూ ఎడమ అంచున నిమ్మపసుపుతో మొదలుపెట్టి కుడి అంచుకు కారునీలం చేరాలి. మధ్యలో చూపు ఎక్కడా తట్టుకోకూడదు. కొలాజ్ పట్టుకున్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పరీక్ష ఇది. నీటిరంగులైతే తడి మీద తడి వేసి వదిలేస్తే వాటంతటవే ఒకదాన్లోకి ఒకటి దిగుతాయి. కాగితానికి ఆ గుణం లేదు. ప్రతి ముక్కకూ అంచు ఉంటుంది, అంచు దగ్గర రంగు ఠక్కున ఆగిపోతుంది. ఆగిపోయే ముక్కలతో ఆగని రంగును రాబట్టడం ఎలాగన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న. దీనికి ఎన్నో దేశాల్లో, ఎందరో, రకరకాలుగా జవాబు వెతికారు. ఆ జవాబుల్ని తిరగేసి, పాలకొల్లు లాంటి ఊళ్లో ఇంటి బల్ల దగ్గర ఈ పని చేసుకునేవాళ్లకు ఏది ఎంతవరకు పనికొస్తుందో చూద్దామని ఈ ప్రయత్నం. నా పక్షం ఏదో ముందే చెప్పేస్తాను. అతుకును దాచే పద్ధతులన్నీ కొలాజ్‌ను పెయింటింగుకు నకలుగా మార్చేస్తాయి. అతుకు కనబడుతూ ఉండగానే రంగు నడవాలి.

ఈ మాట పాలకొల్లు నుంచి చెప్పడానికి ఒక కారణం ఉంది. తెలుగువాళ్లు రోజూ చూసిన కొలాజ్ సినిమా పోస్టరు. ఆ పోస్టర్లను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన ఈశ్వర్ పాలకొల్లులో పుట్టినవారే. మద్రాసు వెళ్లి, నరసాపురంలో పుట్టిన బాపు తీసిన ‘సాక్షి’ (1967) సినిమాతో సొంతంగా పబ్లిసిటీ డిజైనరుగా నిలదొక్కుకుని, రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. ఆ వృత్తి సంగతుల్ని ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకంగా కూడా రాశారు. 2021లో కన్నుమూశారు. కంప్యూటరు రాకముందు పోస్టరు ఎలా తయారయ్యేదో గుర్తు చేసుకుంటే మన ప్రశ్న ఎంత పాతదో తెలుస్తుంది. స్టిల్ ఫొటోల్లోంచి హీరో ముఖాన్ని, హీరోయిన్ నడకను, విలన్ కళ్లను కత్తెరతో విడదీసి అట్ట మీద అతికించేవారు. ఒక ముఖం చుట్టూ ఎర్రని వెలుగు, ఇంకో ముఖం వెనక నీలి పొగ పెట్టి, ఫొటో అంచు ఎక్కడ ముగిసి రంగు ఎక్కడ మొదలైందో తెలియకుండా కుంచెతోనో స్ప్రేతోనో కలిపేసేవారు. గోడ మీద పదడుగుల దూరం నుంచి చూసేవాడికి అది ఒకే దృశ్యంగా కనబడాలి. కాబట్టి అక్కడ అతుకు దాగాల్సిందే. పోస్టరుకు అది ధర్మం.

అదే అలవాటును పోస్టుకార్డంత బొమ్మకు తెస్తే పని చెడుతుంది. చేతిలో పట్టుకుని జానెడు దూరం నుంచి చూసే వస్తువులో కాగితం కాగితంలాగే కనబడాలి. దాని మందం, చింపినప్పుడు లేచిన నూగు, వెనక పక్క అచ్చు లీలగా తెలియడం, ఇవే దాని సొమ్ము. వాటి మీద రంగు పూసి కలిపేస్తే చేతికి మిగిలేది నాసిరకం పెయింటింగు. ఇవాళ ఫ్లెక్సీల మీద నాయకుల ముఖాల వెనక కంప్యూటరు ఒక్క నొక్కుతో పోసే నారింజ–ఊదా షేడింగు ఈ దాచుడుకు చివరి మెట్టు. అందులో అతుకూ లేదు, ముక్కా లేదు. చూసి చూసి మన కళ్లు షేడింగంటే అదేనని నమ్మడానికి అలవాటుపడ్డాయి. చిన్న కొలాజ్ చేసేవాళ్లు మొదట వదిలించుకోవాల్సింది ఆ నమ్మకాన్నే.

మరి అతుకు దాచకుండా రంగు నడిపించడం ఎలా? ఇక్కడ ఎక్కువ సాయం చేసేది జోసెఫ్ ఆల్బర్స్. జర్మనీలో బౌహౌస్ బడిలో పాఠాలు చెప్పి, నాజీల కాలంలో అమెరికా చేరిన ఈ గురువు 1963లో ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ అనే పుస్తకం తెచ్చారు. తన తరగతిలో రంగుల పాఠాలకు ట్యూబు రంగుల కంటే రంగు కాగితాలే మేలన్నారు. కలిపిన రంగు రెండోసారి అచ్చం అలాగే రాదు, కాగితం రంగు ఎన్నిసార్లు వాడినా ఒకటే. ఆయన పెట్టిన అభ్యాసాల్లో ఒకటి మన పరీక్షకు సూటిగా తగులుతుంది. పాత పత్రికల్లోని నలుపు–తెలుపు ఫొటోల నుంచి బూడిద రంగు ముక్కలు కత్తిరించి, తెలుపు నుంచి నలుపు దాకా సమానమైన మెట్లుగా పేర్చమంటారు. చెప్పడానికి తేలిక. చేస్తే తెలుస్తుంది, రెండు ముక్కల్లో ఏది ముదురో చెప్పడానికి కన్ను ఎంత తడబడుతుందో. బూడిద ముక్కలు కాక ఒకటి ఎరుపు, ఇంకోటి ఆకుపచ్చ అయితే చాలామంది బోల్తా పడతారు.

రంగు వేరు, వెలుగు వేరు. షేడింగును నడిపించేది వెలుగు. ఈ ఒక్క సంగతి ఒంటబడితే సగం పని అయినట్టే. పసుపు ఎంత నిండుగా ఉంటే అంత వెలుగ్గా ఉంటుంది, నీలం ఎంత నిండుగా ఉంటే అంత చీకటిగా ఉంటుంది. అందుకే నిమ్మపసుపు నుంచి చిలకపచ్చ, ఆకుపచ్చ, సీసాపచ్చ, నెమలికంఠం, ముదురు నీలం మీదుగా కారునీలం చేరే దారి సహజమైన వాలు. ఏ రంగునూ బలవంతపెట్టక్కర్లేదు. పసుపును పసుపుగానే ముదురు చేద్దామంటే మాత్రం అది మెంతి రంగులోకి, అక్కణ్నుంచి ముక్కుపొడి రంగులోకి జారిపోతుంది. ఆ దారి తప్పేమీ కాదు, పెంకుటిళ్లకూ ఎండిన కొబ్బరిమట్టలకూ అదే కావాలి. ఏ దారిన పోతున్నామో తెలిసి పోవాలి, అంతే. తప్పు పసిగట్టడానికి పాత ఉపాయం కళ్లు చికిలించి చూడటం, కొత్త ఉపాయం ఫోనులో ఫొటో తీసి నలుపు–తెలుపులోకి మార్చి చూడటం. రంగులో అందంగా కనబడ్డ వరస నలుపు–తెలుపులో గతుకుల రోడ్డయితే, వరస తప్పిందన్నమాట.

మన చీరల కొట్టుకు వెళ్లే ఆడవాళ్లకు ఈ చదువు ఎవరూ నేర్పక్కర్లేదు. గంధం రంగు, ఉల్లిపొర, కనకాంబరం, మిరపపండు, నేరేడుపండు అని అడిగి, వాటిలో మళ్లీ లేత, ముదురు, మధ్యరకం అని వేరుచేసి, జాకెట్టు గుడ్డ సరిపోయిందో లేదో కొట్టు లైటు కింద నమ్మక బయటి ఎండలోకి తెచ్చి చూసుకునే కన్ను అది. బొమ్మలు వేయడం రాదనుకునే ఎందరికో ఈ కన్ను ఉంటుంది. కొలాజ్‌కు గీత కంటే ఇదే ముఖ్యం. చెయ్యి తిరిగిన చిత్రకారులు కాగితాల వరస దగ్గర తడబడటం, గీత రానివాళ్లు అలవోకగా పేర్చేయడం ఈ పనిలో మామూలే.

ముక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు కన్ను తనవంతు పని కూడా చేస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగం చూసిన రసాయనశాస్త్రవేత్త షెవ్రల్, పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయో 1839లో పుస్తకంగా రాశారు. దారం రంగులో లోపం లేదు, పక్కనున్న రంగు దాన్ని వెలవెలబోయేట్టు చేస్తోందని ఆయన కనిపెట్టారు. 1865లో భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ ఇంకో సంగతి బయటపెట్టారు. బూడిద రంగు మెట్లను వరసగా పేరిస్తే, ప్రతి అంచు దగ్గరా లేత వైపు మరింత లేతగా, ముదురు వైపు మరింత ముదురుగా ఒక సన్నని చార కనబడుతుంది. కాగితంలో ఆ చార లేదు, కంటిలో ఉంది. అందుకే ఒకే రంగున్న చదునైన ముక్క కూడా వరసలో పెట్టేసరికి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒంపు తిరిగినట్టు కనబడుతుంది. అంచును స్ప్రేతో కలిపేస్తే ఈ ఒంపు పోతుంది. అతుకు కనబడాలని నేను పట్టుబట్టడానికి ఇది మొదటి కారణం. పోస్టుకార్డంత చోటులో నా లెక్కన ఏడెనిమిది మెట్లు చాలు. పదిహేను పెడితే ఒక్కో ముక్క సన్నబడి చారల చొక్కాలా తయారవుతుంది.

రెండో కారణం చింపిన అంచు. కత్తిరించిన అంచు గీత లాంటిది, తెగ్గొట్టి చెబుతుంది. చింపిన అంచు నసుగుతుంది. జపానులో చేతితయారీ కాగితాన్ని చింపి అతికించే చిగిరి–ఎ పద్ధతి పూర్తిగా ఈ గుణం మీదే నిలబడింది. అక్కడి కాగితంలో నార పొడుగ్గా ఉంటుంది, చింపితే అంచు పొడవునా దూదిలాంటి నూగు లేస్తుంది. ఆ నూగు కింది రంగు మీద పల్చగా పరుచుకుని రెండు రంగుల మధ్య మూడో రంగు పుట్టిస్తుంది. అక్కడ అతుకే షేడింగు. రంగు కాగితాల్ని చింపి, కలిపి, దాని మీద పద్యాలు రాసుకున్న సంకలనాలు 12వ శతాబ్దం నుంచే జపానులో ఉన్నాయి.

మన దగ్గర దొరికే మిల్లు కాగితం నార పొట్టిది. అంత నూగు రాదు. దానికి వేరే గుణాలున్నాయి. మిషను మీద తయారైన కాగితానికి ఒక వాటం ఉంటుంది. వాటం వెంబడి చింపితే ఇంచుమించు తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. కెరటానికి, మబ్బుకు అడ్డం చింపు. కాలువగట్టుకు, పొలం గట్టుకు వాటం చింపు. నున్నని అచ్చు కాగితాన్ని చింపితే రెండు ముక్కల్లో ఒకదానికి తెల్లని లోపలి పొర బయటపడుతుంది, రెండోదానికి పడదు. ఏ చేతిని ఎటు లాగామన్నదాన్ని బట్టి ఆ తెలుపు ఎటు పోవాలో మనమే నిర్ణయించుకోవచ్చు. వెలుగు వైపుకు వేస్తే నీటి మీద మెరుపవుతుంది. చీకటి వైపుకు వేస్తే తొందరపడి చేసిన పనిలా కనబడుతుంది. ఇది పది నిమిషాల్లో నేర్చుకునే విద్య. దీన్ని పట్టించుకోక పాడైన కొలాజ్‌లు లెక్కలేనన్ని.

పొరలు వేయడం ఇంకో దారి. గాలిపటం కాగితం, పందిళ్లకు తోరణాలు కట్టే పల్చని రంగు కాగితం వెలుగును లోపలికి పోనిస్తాయి. తెల్ల అట్ట మీద ఒక పొర అతికిస్తే రంగు పల్చగా, రెండో పొర వేస్తే చిక్కగా కనబడుతుంది. ఇలా ఒక్కో పొర పెంచుకుంటూ పోతే సమానమైన మెట్లు వస్తాయని అందరూ అనుకుంటారు. రావు. రెండో పొరకు కనబడ్డ తేడా అయిదో పొర దగ్గర కనబడదు. ఆల్బర్స్ పుస్తకంలో దీనికి లెక్క ఉంది. కంటికి సమానంగా మెట్లు కనబడాలంటే 1, 2, 4, 8 చొప్పున రెట్టింపు చేసుకుంటూ పోవాలి. వెబర్, ఫెక్నర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల పేరుతో ఉన్న సూత్రమే దీనికి ఆధారం. చిన్న అట్ట మీద ఎనిమిది పొరలు వేస్తే అది పొంగి మంచుబొమ్మలా ఉబ్బుతుంది. కాబట్టి మూడు మెట్ల దాకా పొరలతో వెళ్లి, నాలుగో మెట్టుకు అసలే ముదురుగా ఉన్న ఇంకో కాగితం పట్టుకోవడం మంచిది. పల్చని కాగితాల్లో ఒక చిక్కుంది. జిగురు తడికి వాటి రంగు కారుతుంది. ఎరుపు, గులాబీ మరీ ఎక్కువ. ముందు ఒక ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూసుకోవాలి.

రంగులు కలపకుండానే కలిసినట్టు చూపడం మన నేతకు కొత్త కాదు. నెమలికంఠం రంగు చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నీలమూ ఆకుపచ్చా విడివిడిగానే ఉండి మడత తిరిగినప్పుడల్లా ఒకటి ముందుకొస్తుంది. అద్దకంలో అయితే నీలిమందు తొట్టిలో గుడ్డను ముంచి, గాలికి ఆరనిచ్చి, మళ్లీ ముంచుతారు. ముంచిన కొద్దీ ముదురు మెట్టు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టుకున్నదీ, ఇంగ్లీషువాళ్లు నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో దిగి ఆ ఊరి పేరునే మడపొల్లం గుడ్డగా ప్రపంచమంతా తిప్పిందీ ఈ ప్రాంతపు గుడ్డ కోసమే. రంగులు కలపకుండా కలిసినట్టు చూపినవాళ్లలో చెప్పుకోవాల్సిన పేరు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ఆటెలియర్ 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేశారు. ఒకే పలక మీద పల్చని సిరా, చిక్కని సిరా నూనె పాళ్ల తేడా వల్ల ఒకదాన్నొకటి తోసుకునేట్టు చేసి అనేక రంగుల్ని ఒక్క అచ్చులో దింపే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన ప్రింట్లలో రంగులు పక్కపక్కనే ఉంటూ దూరానికి కరుగుతాయి. కొలాజ్ చేసేవాళ్లు ఆయన ప్రింట్లు చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కాగితం సంగతికి వద్దాం. కొలాజ్ కోసం షేడింగు అచ్చువేసిన కాగితాల కట్టలు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి. వాటిని నేను సిఫారసు చేయను. అచ్చులో ముందే నడిచేసిన రంగును కత్తిరించి అతికిస్తే మన కంటికి మిగిలే పని ఏముంది? గోదావరి డెల్టా ఊళ్లలో వృథాగా పోయే కాగితానికి కొదవ లేదు. శుభలేఖలు వేసే ప్రెస్సుల్లో అంచులు కోసి పారేసే ముక్కలు ఉన్నాయి. పసుపు, ఎరుపు, మెరూన్ షేడ్లన్నీ అక్కడే దొరుకుతాయి. పాత క్యాలెండర్లలో దేవుళ్ల వెనక ఉండే ఆకాశాలు, చీరల పెట్టెల అట్టలు, స్వీటు డబ్బాలు, బియ్యం బస్తాల మీది చీటీలు, లాండ్రీ కవర్లు కూడా పనికొస్తాయి. భీమవరం దారిలో వేండ్రలో డెల్టా పేపరు మిల్లు, ఎగువన రాజమహేంద్రవరంలో పెద్ద కాగితం మిల్లు. కాగితం మనకు పరాయి వస్తువు కాదు.

వీటన్నిటి కంటే గొప్ప కాగితం ఎండకు వెలిసిన కాగితం. అచ్చు రంగుల్లో పసుపు, గులాబీ ఎండకు ముందుగా ఎగిరిపోతాయి, నీలమూ నలుపూ ఎక్కువకాలం నిలుస్తాయి. గోడ మీది పాత సినిమా పోస్టర్లు నీలంగా మారేది అందుకే. కిటికీ దగ్గర నెలల తరబడి పడున్న ఫైలు అట్టను ఇంకో ఫైలు సగం కప్పి ఉంటే, కప్పిన చోట అసలు రంగు, కప్పని చోట వెలిసిన రంగు, నడుమ ఎండ జరిగిన దారిలో పుట్టిన షేడు. ఏ కొట్లోనూ అమ్మని షేడింగు కాగితం అది. పాత నోటుపుస్తకాల పేజీలు అంచుల నుంచి లోపలికి పసుపెక్కడం కూడా ఇలాంటిదే. చవక కాగితంలో ఉండిపోయిన లిగ్నిన్ అనే పదార్థం వెలుగుకూ గాలికీ పసుపెక్కుతుంది. ఇవాళ అతికించిన దినపత్రిక ముక్క రేపు ఇంకా ముదురుతుందని గుర్తుంచుకుని వాడాలి.

ఏ బొమ్మ చేయాలన్న విషయంలో ఒక్క మాట. చించినాడ వంతెన మీంచి వశిష్ట గోదావరిలో పొద్దు గుంకడం చూసినవాళ్లెవరికైనా మొదట ఆ నారింజ ఆకాశమే చేయాలనిపిస్తుంది. చేయండి, చేయి కుదురుతుంది. కానీ ఆకాశం షేడింగు చాలా తేలిక. తప్పయినా అది మబ్బు అనిపించుకుంటుంది. కష్టమైనదీ, మన ప్రాంతానిదీ అయిన షేడింగు నేల మీద ఉంది. నారుమడి లేత పసుపుపచ్చ నుంచి పొట్టమీదున్న చేను ముదురు పచ్చకు, అక్కణ్నుంచి కోతకొచ్చిన బంగారు రంగుకు ఒకే మాగాణిలో పక్కపక్క చేలు మూడు వయసుల్లో ఉంటాయి, ఒక్కోదానికీ గట్టుంది. గట్టు అతుకే. రొయ్యల చెరువుల బూడిద పచ్చ, కాలువ రేవులో బురద రంగు, నీళ్లు తగ్గాక మెట్ల మీద మిగిలే నాచు గీతలు కూడా అంతే. రాజమహేంద్రవరంలో పుట్టి 1925లో, ఇరవై ఏడేళ్లకే పోయిన దామెర్ల రామారావు ఈ గోదావరి వెలుగును నీటిరంగుల్లో పట్టారు. ఆయన పేరున్న గ్యాలరీ అదే ఊళ్లో ఉంది. ఒక్క పూట అక్కడ నిలబడి ఆయన బొమ్మల్లో చీకటి ఎక్కణ్నుంచి మొదలవుతుందో చూసి రండి.

ఈ పనిని తీరిక వేళ కాలక్షేపంగా, పిల్లల క్రాఫ్టు పీరియడుగా చూసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. దాని మీద నాకు కోపం ఉంది. చిత్రకారులు పికాసో, బ్రాక్ 1912లో తమ బొమ్మల మీద ఆయిల్‌క్లాత్, గోడకాగితం అతికించడంతో కొలాజ్ ఆధునిక కళ అయిందని పుస్తకాలు చెబుతాయి. అంతకు 140 ఏళ్ల ముందే, 1772లో, ఇంగ్లండులో మేరీ డెలానీ అనే 72 ఏళ్ల వితంతువు నల్ల రంగు పూసిన కాగితం మీద రంగు కాగితం ముక్కలతో పువ్వులు చేయడం మొదలుపెట్టింది. ఒక్కో పువ్వుకు వందలాది ముక్కలు వాడింది. రేకు లేతగా మొదలై ముదిరే చోట పల్చని కాగితాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అవసరమైన చోట నీటిరంగు అద్దింది. చూపు మందగించేదాకా పదేళ్లలో దాదాపు వెయ్యి పువ్వులు చేసింది. బ్రిటిష్ మ్యూజియంలో అవి భద్రంగా ఉన్నాయి. అయినా కొలాజ్ చరిత్ర పికాసోతోనే మొదలవుతుంది. ఎందుకంటే ఆమె ఇంట్లో కూర్చుని చేసింది.

బెర్లిన్‌లో హన్నా హోఖ్ కథ మనకు ఇంకా దగ్గర. డాడా అనే కళాకారుల బృందంలో కొలాజ్‌ను పదునైన ఆయుధంగా మార్చిన ఆమె, బతుకుతెరువుకు ఒక ప్రచురణ సంస్థలో కుట్లు, అల్లికలు, లేసుల నమూనాలు గీసేది. ఆ నమూనా కాగితాలే ఆమె కొలాజ్‌ల్లోకి వచ్చాయి. 1922 నాటి ఒక కొలాజ్‌కు ఆమె ‘ఒక ముఖ్యమైన లేసు చొక్కాకు స్మారకచిహ్నం నమూనా’ అని పేరు పెట్టింది. అమెరికాలో ఆన్ రయాన్ 1948లో, 58 ఏళ్ల వయసులో, జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ ట్రాము టికెట్లతో, రేపర్లతో చేసిన చిన్న కొలాజ్‌లు చూసి పని మొదలుపెట్టింది. చనిపోయే లోపు ఆరేళ్లలో దాదాపు నాలుగు వందలు చేసింది. ఎక్కువ భాగం అరచేతిలో ఇమిడేవే. పాత గుడ్డపీలికలు, చేతికాగితం వాడింది. రంగులన్నీ గొంతు తగ్గించుకుని మాట్లాడతాయి. చిన్న కొలాజ్‌లో షేడింగు ఎంత దూరం పోగలదో చూడాలంటే నేను మొదట చూపించేది ఆమె పనినే.

ఇక నరసాపురం లేసు. పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు చుట్టుపక్కల ఆడవాళ్లు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న క్రోషే అల్లికను ప్రపంచ బజారుకు చేర్చారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ పని జరిగే తీరు చూడండి. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు గళ్లు అల్లుతారు, మరొకరు వాటన్నిటినీ కలిపి అతుకుపని చేస్తారు. మొత్తం అందం ఆ అతుకులో ఉంటుంది, అతుకు దాగదు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వీళ్ల గురించి రాసిన పుస్తకంలో తేల్చింది ఏమిటంటే, ఇల్లాళ్ల తీరికపని అన్న ముద్ర వేయడం వల్లే వాళ్ల శ్రమకు తగిన కూలీ దక్కలేదని, లాభం వ్యాపారుల చేతికి పోయిందని. డెలానీని చరిత్ర పక్కన పెట్టడం, లేసు అల్లేవాళ్లకు కూలీ తగ్గించడం ఒకే చూపులోంచి వచ్చినవి. ముక్కల్ని పోగుచేసి కలిపే పనిని తక్కువగా చూసే చూపు అది. పాలకొల్లులో కాగితాలతో రంగు మెట్లు కట్టే అమ్మాయి ‘ఏదో టైంపాస్‌కి’ అని తన పనిని తానే తగ్గించి చెప్పుకుంటుంటే నాకు బాధ కలుగుతుంది. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక చేతివేళ్లతో తడుముకుంటూ కాగితాలు కత్తిరించి అతికించారు. రంగును చూడలేని మనిషి కూడా కొలాజ్‌ను వదల్లేదు, అది ఆయనకు కాలక్షేపం కాదు.

చివరగా, నిలువ సంగతి. గోదావరి డెల్టాలో కాగితానికి మొదటి శత్రువు తేమ. వానాకాలంలో అట్ట ఉబ్బుతుంది, జిగురు విడుతుంది, బూజు చుక్కలు పడతాయి. మైదా ఉడికించిన జిగురు కాగితంతో బాగా కలుస్తుంది, అవసరమైతే తడిపి ఊడదీయొచ్చు కూడా. కానీ పురుగులకూ బూజుకూ అది విందు. బుక్ బైండర్లు దానిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు, పైగా జిగురుకు పచ్చనీలం ఛాయ తెచ్చి లేత రంగుల్ని చెడగొడుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో కాస్త నీళ్లు కలిపి, అంచుల దాకా పల్చగా రాయడం మన వాతావరణానికి మేలు. గ్లూ స్టిక్‌తో అతికించినవి రెండు వర్షాకాలాలు దాటడం కష్టం. ఏ జిగురైనా తడికి కాగితం సాగి, ఆరాక ముడుచుకుంటుంది. అట్ట ధనుస్సులా వంగుతుంది. దానికి మందు అట్ట వెనక కూడా అదే పరిమాణంలో ఒక కాగితం అతికించి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచడం. పూర్తయినదాన్ని ప్లాస్టిక్ కవర్లో బిగించి మూసేయకూడదు, లోపలి తేమ బయటికి పోదు. గాజు ఫ్రేములో పెడితే గాజుకూ బొమ్మకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఎండ పడే గోడ వద్దు.

ఎంత జాగ్రత్త చేసినా రంగులు మారతాయి. పసుపూ గులాబీ ముందు పోతాయి, షేడింగు నీలం వైపుకు జరుగుతుంది, దినపత్రిక ముక్కలు గోధుమ రంగుకు తిరుగుతాయి. కాబట్టి పూర్తికాగానే పగటి వెలుగులో ఒక ఫొటో తీసి, అట్ట వెనక పెన్సిల్‌తో చేసిన తేదీ, పేరు, ఏ ముక్క ఎక్కడిదో రాసి ఉంచండి. ఫలానా ఏడు క్యాలెండరు, ఫలానా పెళ్లి శుభలేఖ, ఫలానా కొట్టు స్వీటు డబ్బా. పెన్ను వాడకండి, సిరా తేమకు వెనక నుంచి ముందుకు దిగుతుంది.